మూడడుగుల ఉసిరి చెట్టు

కార్తీక మాసంలో ఆదివారం సెలవు దినం కాదన్న సంగతి రాజమహేంద్రవరంలో పుట్టి పెరిగిన నాకు తెలియనిదేమీ కాదు. 2025లో కార్తీకం అక్టోబరు 22న మొదలై నవంబరు 20న ముగిసింది. ఆ నడుమ పడిన ఆదివారాలు నాలుగు, మాకు వచ్చిన వనభోజనాల పిలుపులూ సరిగ్గా నాలుగే: అపార్ట్‌మెంటువాళ్లది, అత్తవారిది, చిన్ననాటి స్నేహితులది, ఆఫీసుది. లెక్క ఇంత చక్కగా కుదరడం దైవసంకల్పమని మా ఆవిడ మురిసిపోయింది. అయిదో ఆదివారం లేనందుకు నేను పంచాంగకర్తలకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

వనభోజనమన్నాక వంటలు, మనుషులు, ఉసిరి చెట్టు ఉండాలి. మొదటి రెండింటికీ మా వైపు ఏనాడూ లోటు లేదు. ఉల్లీ వెల్లుల్లీ లేకపోయినా కంద బచ్చలి, ఆవ పెట్టిన పనసపొట్టు, గుమ్మడికాయ దప్పళం, పులిహోర, బూరెలు ఉన్నాయంటే పిలవని వాళ్లు కూడా వస్తారు. చిక్కంతా చెట్టుతోనే. అపార్ట్‌మెంటు సమావేశంలో ఒకరు చందాల వసూలు, ఒకరు కుర్చీల అద్దె, మరొకరు వంటవాళ్లను కుదిర్చే పని తలకెత్తుకుంటూ ఉండగా, వీటన్నిటిలోకీ తేలికైనది ఏదా అని ఆలోచించి, "చెట్టు సంగతి నాకు వదిలేయండి" అన్నాను. చెట్టు ఉన్నచోటే ఉంటుంది, దానికి భోజనం పెట్టనక్కర లేదు, అన్నిటికీ మించి దాన్ని మోయనక్కర లేదు అన్నది నా ధీమా.

కడియం దగ్గర మా సహోద్యోగి బంధువుల తోట ఒకటుంది. ఫోను చేసి ఉసిరి చెట్టు ఉందా అని అడిగితే, బ్రహ్మాండమైనది ఉందన్నారు. మొదటి ఆదివారం, అంటే అక్టోబరు 26న, నలభై ఆరుగురం అక్కడ దిగాం. ఆడవాళ్లు చెట్టు మొదట్లో నీళ్లు పోసి, పసుపు కుంకుమ పెట్టి, బజారు నుంచి తెచ్చిన ఉసిరికాయలను పైన తొలిచి, నేతి వత్తులు వేసి దీపాలు వెలిగించారు. అందరం మూడేసి ప్రదక్షిణలు చేశాం. విస్తళ్లు వేస్తున్న సమయంలో, కారులో కాస్త ఆలస్యంగా దిగిన మూడో అంతస్తు బామ్మగారు నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి, వంగిన కొమ్మ నుంచి ఒక రెమ్మను చేతిలోకి తీసుకుని, కళ్లజోడు సవరించుకుని చూశారు.

"చెట్టును చూసింది ఎవరు నాయనా?"

నేనేనని గర్వంగా ముందుకు వెళ్లాను.

"ఇది రాచ ఉసిరి. పూజకు కావలసింది పెద్ద ఉసిరి. దాని ఆకు చింతాకులా సన్నగా ఉంటుంది, దీని ఆకు చూడు ఎంత వెడల్పుందో. దీని కింద తింటే పుణ్యం వస్తుందో రాదో నేను చెప్పలేను గానీ, కాయలు మాత్రం పప్పులోకి బాగుంటాయి."

తోటవాళ్లను తప్పు పట్టడానికి లేదు. నేను ఉసిరి అన్నాను, వాళ్లు ఉంది అన్నారు. అక్కడున్న నలభై ఆరుగురిలో ఏ ఒక్కరికీ, ప్రదక్షిణలు చేసిన వృక్షశాస్త్రం లెక్చరరుగారితో సహా, ఆ తేడా కనబడలేదన్న విషయాన్ని నేను రెండుసార్లు గుర్తుచేసినా ఎవరూ పట్టించుకోలేదు. అపచారం చెట్టుది కాదు, చెట్టును కుదిర్చిన వాడిదని తేలింది. ఆనాటి నుంచి మా లిఫ్టులో నా ఎదుట పప్పు ప్రస్తావన రాని రోజు లేదు.

ఆ మంగళవారం, అంటే 28వ తేదీ రాత్రి, మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. కోనసీమలోని మా అత్తవారి ఊళ్లో కొబ్బరి చెట్లతో పాటు, మూడు తరాలుగా వనభోజనాలకు నీడనిచ్చిన పెద్ద ఉసిరి కూడా వేళ్లతో సహా ఒరిగిపోయింది. పైగా రెండో ఆదివారం, నవంబరు 2న, క్షీరాబ్ది ద్వాదశి. తులసి కోట పక్కన ఉసిరి కొమ్మ నాటి పూజ చేయవలసిన రోజు అది. శుక్రవారం సాయంత్రం అత్తగారు ఫోను చేశారు. "అల్లుడుగారికి ఈ మధ్య చెట్ల విషయంలో అనుభవం వచ్చిందట కదా" అన్న ఆ మాటలో ఎంత వాత్సల్యం ఉందో, ఎంత వార్త చేరిందో నేను ఇప్పటికీ విడదీసి చెప్పలేను.

శనివారం కడియపులంకలో ఒక నర్సరీ ముందు కారు ఆపాను. ఈసారి మోసపోకూడదని ఆకు సన్నగా ఉందో లేదో స్వయంగా చూసుకున్నాను. మూడడుగుల మొక్క, నల్ల కవరులో ఉంది. ఎన్.ఏ.7 రకమనీ, అంటు కట్టినదనీ, మంచి కాపు కాస్తుందనీ నర్సరీ ఆయన చెప్పాడు. కాండం మీద జానెడు ఎత్తులో చుట్టిన ప్లాస్టిక్ పట్టీని చూపించి, కింద ఉన్నది నాటు ఉసిరి మొదలు, పైన ఉన్నది మేలు రకం కొమ్మ అని వివరించాడు.

"పొలంలో వేస్తారా అండి?"

"కాదండీ, భోజనానికి."

ఆయన ఒక్క క్షణం ఆగాడు. "కాపు రావడానికి మూడేళ్లయినా పడుతుందండి."

"మాకు రేపు పదకొండున్నరకే కావాలి" అన్నాను. ఆయన మరేమీ అడగలేదు, బిల్లూ ఇవ్వలేదు. ఆ బిల్లు లేకపోవడం తర్వాత ఎంత పని చేస్తుందో అప్పటికి నాకు తెలియదు.

మరునాడు ఉదయం కొత్త సమస్య వచ్చింది. ఆదివారం ఉసిరికాయ తినకూడదన్నది అందరికీ తెలిసిందే. ముట్టుకోవడం కూడా తప్పేనని మా పెదమామగారు సెలవిచ్చారు. సెలవు ఆదివారం కాబట్టి వనభోజనం ఆదివారమే కావాలి, వనభోజనానికి ఉసిరి కావాలి, ఆదివారం ఉసిరిని ముట్టుకోకూడదు. వందల ఏళ్లుగా మన పెద్దలు ఈ మూడింటినీ ఎలా పొసగించారో గానీ, మొక్క మాత్రం నా కారు డిక్కీలోనే ఉండిపోయింది. చివరికి పురోహితుడుగారికి ఫోను చేస్తే, కవరును పట్టుకుని ఎత్తితే చెట్టును తాకినట్టు కాదని తీర్మానించారు. ఎనిమిది కిలోల మట్టి ఉన్న కవరును, ఒక్క ఆకు కూడా మీద పడకుండా, మెడ వెనక్కి వంచి, పెరట్లోకి నేనే మోసుకెళ్లాను.

చెట్టు నీడలో తినాలి కదా. మేము ఇరవై ఇద్దరం. మిట్టమధ్యాహ్నం మూడడుగుల మొక్క నీడ ఎంత ఉంటుందో కొలిచి చూసిన తెలుగువాడిని బహుశా నేనొక్కడినే. అది సరిగ్గా ఉప్పు గిన్నె మీద పడింది. ఆ ఉప్పు అందరి విస్తళ్లలోకీ వెళ్తుంది గనుక అందరికీ నీడ అందినట్టేనని అత్తగారు తీర్పు చెప్పారు. ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది.

మూడో ఆదివారం స్నేహితులతో మారేడుమిల్లి. రాజమహేంద్రవరం నుంచి 80 కిలోమీటర్ల పైచిలుకు. అత్తవారింటి నుంచి తిరిగి తెచ్చిన మొక్కను ఇంట్లో దింపే ఓపిక లేక, అలాగే కారులో ఉంచేశాను. డిక్కీలో దుప్పట్లూ వాటర్ క్యాన్లూ ఎక్కేసరికి, దానికి ముందు సీటు ఇచ్చి బెల్టు పెట్టాం. అక్కడ ఉసిరి చెట్లకు కొదవ లేదు. అడవి నిండా అవే. కొదవ ఉన్నది భక్తికి. ఆరుగురిలో కార్తీకం చేస్తున్నది ఇద్దరం, మిగతా నలుగురూ బొంగులో చికెన్ కోసమే వచ్చినవాళ్లు. రోడ్డు పక్క నిప్పుల మీద పచ్చి వెదురు బొంగులు కాలుతూ ఉంటే, అందులోంచి వచ్చే వాసన ఏ వ్రతాన్నైనా సడలించగలదు. మా ఇద్దరికీ విడిగా కూరగాయలు కూరిన బొంగులు రెండు చెప్పుకున్నాం. కాలాక అన్ని బొంగులూ ఒకేలా నల్లగా ఉంటాయన్న విషయం ముందుగా ఎవరికీ తట్టలేదు. తొలి ముద్దలో నా నోటికి తగిలినది బంగాళాదుంప అనే నేను మా ఆవిడకు చెప్పాను. ఈ వ్యాసంలోనూ అదే చెబుతున్నాను.

తిరుగు ప్రయాణంలో ఒక చెక్‌పోస్టు దగ్గర కారు ఆపారు. లోపలికి టార్చి వేసిన అటవీ సిబ్బంది ఒకాయన, ముందు సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్న ఉసిరి మొక్కను చాలాసేపు చూశారు. అడవిలోంచి మొక్కలు పెకలించి తీసుకెళ్లడం నేరమని ఎంతో మర్యాదగా చెప్పారు. ఇది మాదేనండి, ఉదయం మాతో పాటే వచ్చింది అన్నాను. అడవికి చెట్టు తెచ్చుకున్నారా అని ఆయన అడిగారు. ఆ ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా అబద్ధంలాగే వినబడుతుందని నాకు అప్పుడర్థమైంది. బిల్లు చూపమన్నారు. వెనక సీటు నుంచి మసాలా వాసన గుప్పుమంటూ ఉండగా, కార్తీక వ్రతం గురించీ ఉప్పు గిన్నె గురించీ నేను చేసిన వివరణ ఏమాత్రం అతకలేదు. అప్పుడు నర్సరీ ఆయన మాట గుర్తుకొచ్చి, కవరును తిప్పి, కాండం మీది ప్లాస్టిక్ పట్టీ చూపించాను. ఆయన వంగి, అంటు అతికిన చోటును వేలితో తడిమి చూసి, "నిజమే, అడవిలో అంటు కట్టేవాళ్లు లేరు" అని గేటు ఎత్తించారు. ఆ రెండంగుళాల పట్టీ నా నిజాయితీకి ఏకైక సాక్షి.

ఇంత చేసిన మొక్కను నాలుగో వారం ఇంట్లో వదిలి వెళ్లడానికి నాకు మనసొప్పలేదు. ఆఫీసువాళ్లతో పట్టిసీమ ప్రయాణం. గోదావరి నడుమ కొండ మీద వీరేశ్వరస్వామి దర్శనం చేసుకుని, ఇవతలి ఒడ్డున భోజనాలు. పడవలోకి మొక్కెందుకని అందరూ అంటే, దాన్ని రేవు దగ్గర ఒక అరుగు మీద పెట్టి వెళ్లాం. గంటన్నర తర్వాత తిరిగి వచ్చేసరికి అరుగు మీద కవరుంది, కవరులో ఒక పుల్ల ఉంది, పక్కనే తృప్తిగా నెమరు వేస్తున్న మేక ఉంది.

మా సూపరింటెండెంటుగారి తల్లి చెంపలు వాయించుకుని, "అయ్యో, ఆదివారం పూట ఉసిరి తిన్నదే!" అన్నారు.

ఆ పుల్ల ఇప్పుడు మా బాల్కనీలో ఉంది. నీళ్లు పోస్తూ వచ్చాను గనుక సంక్రాంతికి రెండు చిగుళ్లు వేసింది. అయితే అవి రెండూ అంటుకు కింద నుంచి వచ్చినవి, అంటే నాటు ఉసిరివి. పైనున్న మేలు రకం కొమ్మ ఎండి, పట్టీతో సహా ఊడిపోయింది. అధిక జ్యేష్ఠం పుణ్యమా అని 2026లో కార్తీకం నవంబరు దాకా రాదు. స్నేహితులు మాత్రం మళ్లీ మారేడుమిల్లే అంటున్నారు. ఇప్పుడిది అచ్చంగా అడవి మొక్కలాగే ఉంది. చెక్‌పోస్టు దగ్గర చూపించడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.