‘ఆర్ట్‌వర్క్ ఫ్రీ’ అంటే ఆ బిల్లు ప్రెస్ దగ్గర కట్టాల్సిందే

ఆర్డరు చేజారిపోతుందేమో అనిపించినప్పుడు స్క్రీన్ ప్రింటింగ్ షాపుల్లో కౌంటర్ దగ్గర ఒక మాట వినిపిస్తుంది. "డిజైన్‌కి ఏమీ వేయం లెండి, ప్రింటింగ్‌కి ఇస్తే చాలు." కస్టమర్ సంతోషపడతాడు, ఆర్డరు ఖాయమవుతుంది. లోపలి గదిలో కంప్యూటర్ ముందున్న ఆర్టిస్టుకి టెన్షన్ అక్కడే మొదలవుతుంది. బిల్లులో చోటు లేని పనికి రోజులోనూ చోటు దొరకదు. ఫ్రీగా చేసేదేగా, చప్పున ఇచ్చెయ్యమంటారు. నేను ఆ కుర్చీలో చాలా ఏళ్లు కూర్చున్నాను. ఆర్ట్ దగ్గర మిగిలిందనుకున్న గంట ప్రెస్ దగ్గర మూడు గంటలై తిరిగి రావడం ఎన్నోసార్లు చూశాను. షాపులు ఈ అలవాటు మానుకోవాలని గట్టిగా కోరేది అందుకే.

గ్రాఫిక్ ఆర్టిస్టు అంటే బొమ్మలు వేసేవాళ్లని బయటివాళ్ల ఊహ. షాపులో కొత్తగా బొమ్మ వేసే అవకాశం వచ్చేది అప్పుడప్పుడే. రోజులో ఎక్కువ భాగం ఇంకెవరో చేసిన బొమ్మని ప్రింట్‌కి పనికొచ్చేలా తయారుచేయడంతోనే గడిచిపోతుంది. ఆ తయారీ ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే పద్ధతి ఒకసారి చూడాలి. ఫ్రేముకి బిగించిన మెష్ (సన్నటి జల్లెడ లాంటి బట్ట) మీద ఎమల్షన్ అనే పూత పూసి ఆరబెడతారు. దాని మీద, బొమ్మని నల్లగా తీసిన పారదర్శకమైన ఫిల్మ్ ఆనించి లైట్ వేస్తారు. లైట్ తగిలిన చోట ఎమల్షన్ గట్టిపడుతుంది. ఫిల్మ్ మీద నలుపున్న చోట లైట్ తగలదు కాబట్టి అక్కడ మెత్తగానే ఉండి, నీళ్లతో కడిగితే పోతుంది. అలా తెరుచుకున్న దారి గుండానే స్క్వీజీ అనే రబ్బరు పట్టీ ఇంకుని బట్ట మీదకి దింపుతుంది. రంగుకో ఫిల్మ్, రంగుకో స్క్రీన్. ఫిల్మ్‌లో లేని గీతని ఎంత చెయ్యి తిరిగిన ప్రింటరైనా బట్ట మీదకి తేలేడు. ఫిల్మ్‌లో ఉన్న తప్పుని దాచనూ లేడు.

అసలు బొమ్మ ఏ రూపంలో వస్తుందో చూడండి. వెబ్‌సైట్ నుంచి దించిన లోగో, 600 పిక్సెల్‌ల వెడల్పు. ఛాతీ నిండా 12 అంగుళాలకి వేయమంటారు. 600ని 12తో భాగిస్తే అంగుళానికి 50 పిక్సెల్‌లు. మామూలుగా మనం అడిగేది 300. ఆ లెక్కన ఈ బొమ్మ రెండు అంగుళాలకే సరిపోతుంది. పెద్దది చేస్తే అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి, ఎమల్షన్ ఆ మెట్లని కూడా నమ్మకంగా పట్టుకుంటుంది. కాబట్టి ఆర్టిస్టు కూర్చుని ఒక్కో వంపునీ పెన్ టూల్‌తో వెక్టర్‌లో, అంటే ఎంత పెద్దది చేసినా అంచు చెడని గీతలుగా, మళ్లీ గీయాలి. ఫాంటు ఏదో వెతకాలి, దొరక్కపోతే అక్షరాలు కూడా గీయాలి. సాఫ్ట్‌వేర్‌లో బొమ్మని దానంతటదే గీసే ఆటో ట్రేస్ ఉందిగా అంటారు. ఉంది. గుండ్రంగా ఉండాల్సినది కోడిగుడ్డులా వస్తుంది, సూటి మూలలు కరిగిపోయినట్టు వస్తాయి. కస్టమర్‌కి కారణం తెలియకపోవచ్చు కానీ, టీ షర్టు చేతికి అందగానే ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది.

సెపరేషన్ దగ్గర, అంటే బొమ్మని రంగుకో ఫిల్మ్‌గా విడదీసే చోట, పని ఇంకా లోతుకి వెళుతుంది. నేను కొత్తగా చేరిన రోజుల్లో నల్ల టీ షర్టు మీద ఎర్ర అక్షరాల పని ఒకటి వచ్చింది. నలుపు మీద ఎరుపు నేరుగా వేస్తే మట్టి రంగులోకి దిగిపోతుంది కాబట్టి కింద తెల్ల అండర్‌బేస్ వేసి, ఫ్లాష్ అనే హీటర్ కింద ఆరబెట్టి, దాని మీద ఎరుపు వేస్తారు. నేను తెలుపునీ ఎరుపునీ అచ్చంగా ఒకే సైజులో ఫిల్మ్ తీసి ఇచ్చాను. మానిటర్‌లో ఎంత జూమ్ చేసి చూసినా తప్పు కనిపించలేదు. ప్రెస్ మీద మాత్రం ప్రతి అక్షరానికీ కుడివైపు వెంట్రుకంత తెల్లగీత బయటికి వచ్చింది. ప్రింటర్ స్క్రీన్‌ని కొంచెం జరిపితే కుడివైపు పోయి ఎడమవైపు వచ్చింది. మళ్లీ జరిపితే పైన. గంటకు పైగా అదే తంతు. ఆయన నన్నేమీ అనలేదు. పాడైన షర్టుని నా చేతిలో పెట్టి, రెండు చేతులతో సాగదీసి చూడమన్నారు. బట్ట ఎంత సులువుగా సాగుతుందో, ఆరిన తెలుపు మీద ఎర్ర ఇంకు అంచు దగ్గర ఎలా తడబడుతుందో అప్పుడే అర్థమైంది. తెలుపుని అన్ని వైపులా పాయింటులో (అంగుళంలో 72వ వంతు) సగమో, ఒక పాయింటో లోపలికి తగ్గించి ఉంటే, అంటే చోక్ చేసి ఉంటే, ఎరుపు దాన్ని కప్పేసేది. నాకు రెండు నిమిషాల పని అది. తొందరలో ఫిల్మ్ తీసేశాను, ఆ రెండు నిమిషాల విలువ ప్రెస్ మీద ఉన్నవాళ్లు కట్టారు.

ట్రాపింగ్‌ది కూడా ఇదే కథ, పక్కపక్కన ఉన్న రెండు రంగులు కాస్త ఒకదాని మీదకి ఒకటి ఎక్కేలా చేయడం. దాని గురించి ఇంతకన్నా సాగదీయను. బొమ్మని చుక్కలుగా మార్చే హాఫ్‌టోన్‌ది మాత్రం వేరే లోకం. ఇంకుకి లేత, ముదురు తెలియవు. పడితే పడుతుంది, లేకపోతే లేదు. నీడలూ మెరుపులూ కావాలంటే చుక్కలుగా విడగొట్టాల్సిందే. బట్టల ప్రింటింగ్‌లో అంగుళానికి 45 నుంచి 55 వరసల చుక్కలు వాడటం మామూలు. మెష్‌లో అంగుళానికి దారాలు కనీసం దానికి నాలుగు రెట్లు ఉండాలి, లేకపోతే చిన్న చుక్క నిలబడటానికి దారమే దొరకదు. 55 వరసలకి 230 మెష్ అనడం అందుకే. చుక్కల కోణం దారాల దిశతో పొసగకపోతే అలల్లాంటి మోయిరే గీతలు వస్తాయి. చాలామంది 22.5 డిగ్రీలు పెట్టుకునేది వాటిని తప్పించుకోవడానికే. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఇంకు బట్ట మీద పాకుతుంది. ఫైలులో 50 శాతం ఉన్న టింట్ (చుక్కల సాంద్రత) బట్ట మీద 65, 70లా కనిపిస్తుంది. మానిటర్‌లో ముఖం చక్కగా ఉన్న ఫొటో షర్టు మీద మసిబారినట్టు రావడానికి చాలాసార్లు కారణం ఈ డాట్ గెయినే. ఆ షాపు ఇంకు, ఆ షాపు మెష్, ఆ ప్రింటర్ చెయ్యి తెలిసిన ఆర్టిస్టు ఫైలులో ముందే అంత మేరకు లేతగా చేసి పెడతారు. ఏ కోర్సులోనైనా సూత్రం నేర్పుతారు. ఎంత తగ్గించాలన్న అంచనా మాత్రం అదే ప్రెస్ పక్కన నిలబడితేనే వస్తుంది.

డబ్బు మాటకొస్తే, షాపు లాభాన్ని ఎక్కువగా కాపాడేది కూడా ఈ సెపరేషనే అంటాను. నల్ల షర్టు మీదకి ఆరు రంగుల డిజైన్ వచ్చిందనుకోండి. గులాబీ రంగుకి వేరే స్క్రీన్ అక్కర్లేదు, తెలుపు మీద ఎరుపునే చుక్కలుగా వేస్తే చాలు. బూడిద రంగు కోసం నల్లటి షర్టు మీద తెలుపుని చుక్కలుగా వేయొచ్చు. నలుపు అసలు వేయనక్కర్లేదు, షర్టే నలుపు. ఆరు స్క్రీన్ల పని మూడుకి వచ్చింది. అంటే మూడు ఫిల్ములు, మూడుసార్ల ఎమల్షన్, మూడు స్క్రీన్ల సెటప్, చివర్లో మూడు స్క్రీన్ల కడుగుడు మిగిలాయి. ఈ లెక్క తట్టడానికి ఆర్టిస్టుకి కావాల్సింది ఓ అరగంట నిమ్మళం. ఫ్రీ పనిలో దొరకనిది అదే.

రంగులు తగ్గితే డిజైన్ వెలవెలబోతుందన్న భయం కూడా నిజం కాదు. 1968 మేలో పారిస్‌లో ఎకోల్ దే బోజార్ అనే కళాశాలని ఆక్రమించిన విద్యార్థులు ఉద్యమం పోస్టర్లని స్క్రీన్ ప్రింటింగ్‌లోనే వేశారు, ఎక్కువగా ఒకే రంగులో. రాత్రికి రాత్రి కుప్పలుగా కావాలి, ఆగే తీరిక లేదు. ఆ బిగుతే ఆ బొమ్మలకి బలమిచ్చింది. అంతకు ముందు, 1962లో అమెరికా చిత్రకారుడు యాండీ వార్హోల్ సినీతార మార్లిన్ మన్రో ఫొటోని స్క్రీన్‌తో వేస్తే, రంగులు గీతలతో సరిగ్గా కలవకపోవడం కూడా అందమైంది. గ్యాలరీలో అందమైన ఆ తేడా ఆర్డరు పనిలో పడితే మొత్తం లాటు వాపసు వస్తుంది. రెండు చోట్లా పద్ధతి ఒకటే, బాధ్యత వేరు.

ఈ పనికి విలువ ఎప్పుడు తగ్గిందని ఆలోచిస్తే నాకు తోచేది ఒకటి. ఇంగ్లండ్‌లో శామ్యూల్ సైమన్ 1907లో ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్న తర్వాత దశాబ్దాల పాటు స్టెన్సిల్ పని కంటికి కనిపించేది. తర్వాత్తర్వాత రంగుకో ఎర్ర మాస్కింగ్ ఫిల్మ్ పరిచి, సన్నటి కత్తితో పై పొరని మాత్రమే కోసి, ఊపిరి బిగబట్టి ఒలిచేవాళ్లు. పక్కన నిలబడి చూసేవాళ్లకి అది కష్టమని ఎవరూ చెప్పక్కర్లేదు. 1987లో ఇలస్ట్రేటర్, 1990లో ఫొటోషాప్ వచ్చాక ఆ కత్తి మౌస్‌లోకి వెళ్లిపోయింది. కష్టం కొంత తగ్గింది, నిజమే. కానీ నిర్ణయాలన్నీ అలాగే ఉన్నాయి. కంప్యూటరే చేసేస్తుందన్న మాట అక్కడి నుంచే పుట్టింది.

ఇప్పుడు ఆ మాట ఇంకో మెట్టెక్కింది. కస్టమర్ ఏఐతో చేయించిన బొమ్మ తెచ్చి, డిజైన్ రెడీగా ఉంది కదా, తగ్గించండి అంటున్నాడు. చూడటానికి బాగానే ఉంటుంది. దగ్గరికి లాగితే వేల రంగులు, పొగలా కలిసిపోయిన అంచులు, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియని గీతలు. దాన్ని నాలుగు స్క్రీన్లలోకి దించడం కంటే మొదటి నుంచి గీయడం తేలికైన సందర్భాలే ఎక్కువ. డీటీఎఫ్ (డిజైన్‌ని ఫిల్మ్ మీద ప్రింట్ చేసి బట్టకి అతికించే పద్ధతి) లాంటి డిజిటల్ పద్ధతులకి సెపరేషన్లు అక్కర్లేదు, చిన్న ఆర్డర్లు అటు వెళ్లడం న్యాయమే. వందల షర్టుల ఆర్డరుకి స్క్రీనే ఇంకా గిట్టుబాటు. అక్కడ ఆర్టిస్టు తప్పనిసరి.

పక్క షాపు ఫ్రీగా ఇస్తుంటే మేమెలా తీసుకోవాలని యజమానులు అడుగుతారు. ఆ ఇబ్బంది నాకు తెలుసు, కొట్టిపారేయను. పూర్తి రేటు వేయలేకపోతే కనీసం బిల్లులో ఆర్ట్‌వర్క్ అని ఒక లైను రాసి, ఎంత తగ్గించారో దాని ఎదురుగా చూపించండి. రెండుసార్ల మార్పుల దాకా కలిపి, మూడోదానికి చార్జి ఉంటుందని ముందే చెప్పండి. బట్ట కాటనా పాలిస్టరా అన్నది ఆర్డరు తీసుకున్నప్పుడే రాయించండి. ఎర్ర పాలిస్టర్ అద్దకం వేడికి పైకి ఎక్కి తెల్ల ఇంకుని గులాబీ చేస్తుంది, ఆ సంగతి ఆర్టిస్టుకి ఫిల్మ్ తీశాక తెలిస్తే లాభం లేదు.

నేను అన్నిటికన్నా పట్టుబట్టేది మాత్రం ఖర్చు లేని పని. మొదటి ప్రింట్ పడగానే ప్రెస్ ఆపి ఆర్టిస్టుని పిలవండి. లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూసి, ఏ చుక్కలు పూడిపోయాయో, ఏ అక్షరం మధ్య ఖాళీ మూసుకుపోయిందో ఆ షర్టు మీదే పెన్నుతో సున్నాలు చుట్టి లోపలికి తీసుకెళతారు. తర్వాతి ఫైలు ఆ షర్టుని పక్కన పరుచుకుని చేస్తారు.