బూడిదరంగు బహిష్కరణ గురించి ఒక మనవి

ఫోటోలో కాంట్రాస్ట్, అంటే వెలుగునీడల మధ్య తేడా, ఎంత ఉండాలన్న విషయంలో జనంలో ఇంకా భిన్నాభిప్రాయాలు ఉండటం విచారకరం. నా మటుకు నేను ఆ తగువు ఎప్పుడో తేల్చేశాను. ఫోటోలు సరిచేసే యాప్‌లో కాంట్రాస్ట్ పెంచే మీట, అదే స్లైడర్, కుడివైపు చివరిదాకా వెళ్తుంది. వెళ్లకూడదనుకుంటే ఆ యాప్ చేసినవాళ్లు మధ్యలోనే మేకు కొట్టి ఉండేవాళ్లు కదా?

మామూలు జేపెగ్ ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడింటిలో ఒక్కో రంగుకి 0 నుంచి 255 దాకా 256 మెట్లుంటాయి. మూడు రంగులూ 0 అయితే కటిక నలుపు, మూడూ 255 అయితే మల్లెపూవు తెలుపు. నడుమ ఉన్న 254 మెట్లు ఎవరి సౌకర్యం కోసమో నాకు అంతుబట్టదు. అమెరికాలో ఏన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనే ఇద్దరు ఫోటోగ్రాఫర్ పెద్దమనుషులు 1940 ప్రాంతంలో కూర్చుని, జిల్లాలు విడగొట్టినట్టు, నలుపు నుంచి తెలుపు దాకా 11 జోన్లు చేశారు. ఆ కాలంలో తీరిక ఎక్కువ. మన హైదరాబాదులో ఆరో నిజాంకి ఆస్థాన ఫోటోగ్రాఫరైన రాజా దీన్ దయాళ్ సంగతి ఇంకా జాలి. స్లైడరే లేదు పాపం. అందుకే ఆయన ఫోటోల్లో నీడలో కూడా ఏదో ఒకటి కనబడుతూ ఉంటుంది.

ఈమధ్య మా మేనకోడలి ఓణీల ఫంక్షన్ అయింది. ఫోటోలు సరిచేసే బాధ్యత నామీద పడింది. పడలేదు, నేనే లాక్కున్నాను. రాత్రి పదకొండున్నరకి లైట్లార్పి, మంచంమీద పడుకుని, ఫోన్ వెలుగు నిండుగా పెట్టుకుని కూర్పు మొదలెట్టాను. కాంట్రాస్ట్ 20 పెంచాను. అద్భుతం. రెండు నిమిషాలు చూసేసరికి చప్పగా అనిపించింది. ఇంకో 20. మళ్లీ చప్పబడింది. ఉప్పు చూస్తూ చూస్తూ వేసిన పప్పు ఎలా తయారవుతుందో మీకు తెలుసు. కంటికీ నాలుక గుణమే, దేనికైనా ఇట్టే అలవాటు పడిపోతుంది. పైగా చుట్టూ చీకటిగా ఉంటే తెరమీది నలుపు పలచబడినట్టు కనిపిస్తుందట. అంటే తప్పు నాది కాదు, గదిది.

ఈ సాకు నా సొంతం కాదు, దీనికి పెద్దల ఆమోదం ఉంది. పారిస్‌లోని గోబెలాఁ నేతశాలలో అద్దకాల విభాగం చూసే షెవ్రుల్ అనే రసాయన శాస్త్రవేత్తకి, నల్లరంగు నల్లగా లేదని ఫిర్యాదులొచ్చాయి. ఆయన పరీక్షించి చూస్తే అద్దకం బాగానే ఉంది. పక్కన వేసిన నీలి, ఊదా దారాల వల్ల నలుపు వెలిసినట్టు కనిపిస్తోంది. నింద పడింది నలుపు మీద, నేరం పక్కింటివాళ్లది. 1839లో దీనిమీద ఏకంగా పుస్తకమే రాశాడు. ఎడిటింగ్ చేసేటప్పుడు ఫోటో చుట్టూ బూడిదరంగు పెట్టుకోమని నిపుణులు చెప్పేది ఇందుకే. బూడిద! శుభకార్యం ఫోటోకి!

ఫంక్షన్‌కి కెమెరా పట్టిన కుర్రాడు మర్నాడు నా పనితనం చూసి, "సార్, హిస్టోగ్రామ్ ఒకసారి చూసుకోండి, రెండు చివర్లా గోడకి కొట్టుకుంటోంది" అన్నాడు. చూశాను. ఫోటోలో ఏ మెట్టు మీద ఎన్ని చుక్కలున్నాయో చూపించే గ్రాఫ్ అది. ఎడమవైపు నల్లమల, కుడివైపు హిమాలయం, మధ్యలో మైదానం. కన్నులపండుగగా ఉంది. అలా గోడకి తగిలిన వివరాలు, జేపెగ్‌గా సేవ్ చేశాక ఇక తిరిగి రావన్నాడు. కర్వ్‌ అనే వెలుగునీడల గీతని ఎస్ ఆకారంలో కొద్దిగా వంచితే చాలునట, మొహాల్లో పట్టు వస్తుంది, చివర్లు మెత్తగా దిగుతాయట. పొద్దున లేచాక అసలు ఫోటో పక్కన పెట్టుకుని చూడమన్నాడు. ఈ తరానికి నిర్ణయశక్తి తక్కువ.

చిన్న చిన్న ఇబ్బందులు వచ్చిన మాట నిజమే. కాంట్రాస్ట్‌తో పాటు రంగులూ ముదురుతాయి కాబట్టి, పసుపు రాసిన మేనకోడలి పాదాలు కమలాపండ్లయ్యాయి. మా పెద్దత్తయ్యది చామనచాయ, కట్టింది నేరేడురంగు పట్టుచీర. ఫోటోలో ముక్కుపుడక మిగిలింది. కంగారుపడి బ్రైట్‌నెస్ పెంచాను. అత్తయ్య తిరిగొచ్చింది, చీర జరీ తెల్లబడి మాయమైంది. "ఒరేయ్, నన్ను తెల్లగా చెయ్యమని నేనడిగానా? పన్నెండు వేల చీర, జరీ ఏదిరా?" అంది. కళాకారుడికి ఇంట్లో గౌరవం ఉండదు.

ఏమైతేనేం, ఆల్బమ్ ప్రింటుకి పంపించాను. బావగారు ఆరోజు తెల్ల పంచె, తెల్ల లాల్చీ, తెల్ల కండువాతో, కొత్తగా సున్నం వేసిన గోడ ముందు అక్క పక్కన నిలబడ్డారు. ఆయనది పచ్చని ఛాయ. జుట్టు కూడా నెరిసింది. మీసానికి మాత్రం రంగు వేస్తారు. సాయంత్రం ప్రింటింగ్ స్టూడియో నుంచి ఫోన్.

"సార్, నాలుగో పేజీలో మేడమ్ పక్కన గోడమీద ఎవరో మీసం గీశారు. చెరిపెయ్యమంటారా?"

"ఉండనివ్వండి" అన్నాను. "ఆయన మా బావగారు."