నల్లికి ఎన్ని కాళ్ళు?

మొన్న మా బావమరిది పొలం నుంచి ఫోన్ చేసి, "నల్లి పట్టింది బావా, నిండా మునిగాం" అన్నాడు. స్పీకర్‌లో విన్న మా ఆవిడ అరగంటలో ఇంట్లోని పరుపులన్నీ డాబా ఎక్కించి ఎండలో పరిచేసింది. ముందు రోజు రాత్రి తమ్ముడు మా ఇంట్లోనే పడుకున్నాడు మరి.

తప్పు ఆవిడది కాదు, తెలుగు భాషది. మంచంలో ఉండేదీ నల్లే, మిరప చేలో ఉండేదీ నల్లే. మొదటిదానికి ఆరు కాళ్ళు, అది కీటకం. రెండోదానికి ఎనిమిది, అది సాలీడుకీ తేలుకీ దగ్గర చుట్టం. మిరప యార్డు ఉన్న గుంటూరులో ఈ రెండు కాళ్ళ తేడా తెలియకుండా ఎవర్నీ తిరగనివ్వకూడదని నా గట్టి అభిప్రాయం. హెల్మెట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఎందుకంటారా? మిరప ఆకు అంచులు పైకి ముడుచుకుంటే అది తామర పురుగు పని. దానికి ఆరు కాళ్ళు. ఆకు కిందికి ముడుచుకుని, తిరగేసిన పడవలా అయి, కాడ ఎలుక తోకలా సాగితే తెల్లనల్లి. మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది, ఆకు అడుగున కాపురం. కీటకాల మందుల్లో చాలావాటికి అది చావదు. నల్లి మందో, గంధకమో కొట్టాలి.

మావాడు ముడత ఆకులు క్యారీబ్యాగులో వేసుకుని పురుగుమందుల కొట్టుకి వెళ్తే నేనూ వెంట వెళ్ళాను. కొట్టాయన సంచిలోకి తొంగి అయినా చూడలేదు.

"ముడతేగా? ఇదీ, ఇదీ కలిపి కొట్టించు. ఇది బలానికి."

"పై ముడతా, కింది ముడతా అని చూడరా?" అన్నాను.

"మూడూ కొడితే ఏ ముడతైనా పోద్ది సార్."

సర్వరోగ నివారిణి అంటే ఇదే కాబోలు. ఆ మూడింట్లో ఒకటి, నల్లుల్ని తినే సాలీళ్ళనీ మంచి పురుగుల్నీ శుభ్రంగా ఊడ్చేసే రకం. శత్రువులు పోయాక నల్లికి ఇక పెళ్ళిళ్ళే పెళ్ళిళ్ళు. కొట్టించినవాడికి అప్పు, కొట్టించుకున్నదానికి సంతానం.

సాలీడుకి జరిగే అన్యాయం ఇంకో రకం. శ్రీకాళహస్తిలో 'శ్రీ' అంటే సాలీడే. శివుడు మోక్షం ఇచ్చిన జీవికి మనం ఏటా సంక్రాంతి ముందు బూజుకర్ర ఇస్తున్నాం. పొద్దున లేచేసరికి మెడ మీద కాలినట్టు ఎర్రటి చార ఉంటే "సాలీడు పాకింది" అని తేల్చేస్తాం. వానాకాలంలో లైటు చుట్టూ ముసిరే ఓ చిన్న పురుగు మెడ మీద వాలితే, నిద్రలో మనమే నలిపేస్తాం. ఆ రసానికి వచ్చే బొబ్బలు చాలాసార్లు అవి. దానికి ఆరు కాళ్ళే. నేరం ఆరు కాళ్ళవాడిది, కేసు ఎనిమిది కాళ్ళవాడి మీద.

తేలు దగ్గర మాత్రం ఎవరూ కాళ్ళు చూడరు, కొండే చూస్తారు. అది సబబే. ఎర్రతేలు విషం గుండె మీదికి వస్తుంది. దానికి ప్రజోసిన్ అనే బీపీ మాత్ర పనిచేస్తుందని మహారాష్ట్రలోని మహాడ్‌లో వైద్యం చేసే డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ చూపించారు. 2022లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. తేలుమంత్రం వేసేవాళ్ళకి ఇంతవరకూ ఒక్కటీ రాలేదు. మా వీధిలో దీన్ని వివక్ష అంటున్నారు.

ఇంత గట్టిగా కాళ్ళ సిద్ధాంతం నిలబెట్టి, బావమరిదికి భూతద్దం కూడా కొనిచ్చాక స్క్రబ్ టైఫస్ గురించి చదివాను. గడ్డీ పొదల్లో ఉండే ఓ నల్లి పిల్ల కుడితే వచ్చే జ్వరం అది. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ పడొచ్చు. వేళకి గుర్తుపడితే డాక్సీసైక్లిన్‌తో తగ్గిపోతుంది. జ్వరంతో నాకు పేచీ లేదు. ఆ పిల్లకి ఆరే కాళ్ళట! మిగతా రెండూ ఎదిగాక వస్తాయట. మనుషుల్ని కుట్టేది ఆ ఆరుకాళ్ళ వయసులోనేనట.

"మరి ఇప్పుడు ఎన్ని లెక్కపెట్టాలి బావా?" అన్నాడు వాడు, భూతద్దం చేతిలో పట్టుకుని.

నేను ఆలోచిస్తూ ఉండగా మా ఆవిడ వచ్చింది. "కాళ్ళ సంగతి తర్వాత. మబ్బు పట్టింది. ముందు మీ నాలుగు చేతులూ పెట్టి పరుపులు దించండి."