పదిహేను కిలోల ఆఫ్రికా

కెన్యాలోని మసాయి మారా అడవిలో సింహాన్ని చూడ్డానికి అయ్యే ఖర్చు వేరు, పక్కన మొగుడు లేకుండా చూడ్డానికి అయ్యే ఖర్చు వేరు. నైరోబీ ఏజెంటు పంపిన రేట్ల కాగితంలో అసలు ధర పక్కన చిన్న అక్షరాల్లో ‘ఒక టెంటులో ఇద్దరుంటే, మనిషికి’ అని ఉంది. ఒక్కరే వస్తే ఆ కింద ఇంకో గీత, ఆ గీత ఎదురుగా ఇంకో అంకె. దానికి సింగిల్ సప్లిమెంట్ అని పేరు పెట్టారు.

“నాకు భర్త ఉన్నారండీ, అయినా కట్టాలా?” అని ఫోన్లో అడిగాను.

“ఉన్నారు మేడమ్, రావడం లేదు కదా” అన్నాడతను ఎంతో మర్యాదగా.

మా ఆయన రానన్నది సింహాలకి భయపడి కాదు. ఆర్టీసీలో డ్రైవరుగా చేరి కంట్రోలరుగా రిటైరైన మనిషి. ఈ జన్మకి చూడాల్సిన రోడ్డంతా చూసేశానని, ఇంకొకడు స్టీరింగు తిప్పుతుంటే పక్కన ఊరికే కూర్చోవడం తన వల్ల కాదని ఆయన వాదన. సఫారీ టైమ్‌టేబుల్ చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని శ్రద్ధగా చదివారు. “పొద్దున ఆరింటికి బండెక్కాలి. పది పదకొండింటికి దిగాలి. మళ్లీ నాలుగింటికి ఎక్కాలి. దీన్ని మా డిపోలో స్ప్లిట్ డ్యూటీ అంటారు. జీతమిచ్చి చేయమంటేనే యూనియన్ వాళ్లు గొడవ చేసేవాళ్లు, నువ్వు ఎదురు డబ్బులిచ్చి చేస్తానంటున్నావు. బహదూర్‌పురా జూలో కూడా లయన్ సఫారీ ఉంది, సిటీ బస్సులో పోయి రావచ్చు” అని కాగితం మడిచి ఇచ్చేశారు.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగమంతా నల్లబల్ల మీద గడ్డి, జింక, సింహం బొమ్మలు గీసి బాణం గుర్తులు పెట్టాను. నా సింహాన్ని పిల్లలు ఏ ఏడాదీ గుర్తుపట్టలేదు. అసలుదాన్ని ఒకసారి చూడాలని పెన్షను కాగితాలు చేతికొచ్చిన నాడే అనుకున్నాను. చీటీ ఎత్తి డబ్బు పక్కన పెట్టాను. జూలై, అక్టోబరు మధ్య టాంజానియాలోని సెరెంగెటి వైపు నుంచి విల్డబీస్ట్‌లనే పెద్ద జింకలు లక్షల్లో మారా నది దాటి వస్తాయి, దాటేచోట మొసళ్లు కాచుకుని ఉంటాయి. నాకు ఆ నది కావాలి. అక్కడి గేటు వాళ్లకీ నాలాంటివాళ్ల సంగతి తెలుసు. 2024 నుంచి విదేశీయులకి టికెట్టు జనవరి మొదలు జూన్ దాకా రోజుకి 100 డాలర్లు, జూలై వచ్చిందంటే 200. అది కూడా పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకే చెల్లుతుంది.

“నెల పాసు లేదా?” అన్నారు మా ఆయన.

ఒక్కదాన్నే వెళ్తున్నానని చెప్పిన మరుక్షణం నుంచి నేను ఒక్కదాన్నే కూర్చున్న పూట లేదు. ఎదురు ఫ్లాట్ పిన్నిగారు రాత్రి టెంటుకి గొళ్లెం ఉంటుందా అని అడిగారు. జిప్పు ఉంటుందన్నాను. జిప్పుకి తాళం వేయొచ్చా అన్నారు. ఏనుగు జిప్పు తీసుకుని లోపలికి రాదని, చీకటి పడ్డాక టెంటు నుంచి భోజనానికి పోవాలన్నా టార్చిలైటు పట్టుకుని కాపలా మనిషి వచ్చి తీసుకెళ్తాడని చెప్పాను. “ఆ కాపలా మనిషి ఎలాంటివాడో!” అని ఆవిడ అసలు బెంగ బయటపెట్టారు. చెల్లెలు ఫోన్ చేసి, అడవిలో బాత్రూమ్ సంగతేంటి అంది. ఇది మాత్రం అడగాల్సిన ప్రశ్నే. ఏజెంటుని అడిగితే అతనేమీ ఇబ్బంది పడలేదు. పొదల చాటుకి పోనివ్వరట. డ్రైవరు నలుదిక్కులా చూసి, ఏమీ లేదని రూఢి చేసుకున్నాక బండి వెనక్కే వెళ్లాలి. మర్యాదకి ‘టైరు చూసొస్తా’ అంటే చాలు, అందరూ అటు తిరిగి కూర్చుంటారు. ఈ ముక్క విన్నాక మా ఆయనకి కెన్యా మీద మొదటిసారి గౌరవం కలిగింది. “క్రమశిక్షణ ఉన్న డ్రైవర్లే” అన్నారు.

తర్వాత ఎల్లో ఫీవర్ టీకా. కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు, టీకా వేశామని రాసిచ్చే పసుప్పచ్చ పుస్తకం లేకపోతే మన ఎయిర్‌పోర్టులోనే పట్టుకుని ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఒకసారి వేయించుకుంటే జన్మంతా చెల్లుతుంది. నారాయణగూడలో ఐపీఎం అనే సర్కారు టీకా కేంద్రంలో వేయించుకుని వచ్చాను. ఎనభై దాటిన మా అమ్మ పుస్తకం రంగు చూసి, ఇది కామెర్ల జబ్బే అని తేల్చేసింది. “దానికి ఇంజక్షనెందుకే? పసరు పోయించుకుంటే సరిపోయేది, చప్పిడి పథ్యం నేను చేసి పెడతాగా” అంది. మన ఎయిర్‌పోర్టు వాళ్లు పసరుకి సర్టిఫికెట్ అడుగుతారమ్మా అన్నాను. అడిగితే పసరు పోసినాయన సంతకం పెట్టడా అంది.

ఇక బట్టలు. అసలు కథ ఇక్కడ మొదలైంది.

సఫారీకి తెల్లబట్టలు పనికిరావు, అరగంటలో దుమ్ము కొట్టుకుపోతాయి. నీలం, నలుపు అసలే వద్దంటారు. నిద్రజబ్బు మోసే సెట్సీ ఈగకి ఆ రెండు రంగులంటే ప్రాణం. దాన్ని పట్టే వలలు కూడా నీలం, నలుపు గుడ్డలతోనే కడతారు. మిలిటరీవాళ్ల మచ్చల బట్టలు కూడా వద్దని ఏజెంటు ప్రత్యేకంగా రాశాడు. నా బీరువా తెరిస్తే సగం నీలం, మిగతా సగం నీలానికి అటూ ఇటూ. అందుకని కోఠీ వెళ్లి ఖాకీ రంగువి, ఎండిన గడ్డి రంగువి చొక్కాలు, ప్యాంట్లు కొన్నాను. కొత్తవే గానీ ఉతికి ఉతికి వెలిసిపోయినట్టు కనిపించేలా తయారుచేసిన ఖరీదైన రకం. సరిపోయాయో లేదో చూద్దామని ఒకటి తొడుక్కుని పాలప్యాకెట్‌కి దిగితే, బస్టాపులో ఒక పెద్దాయన “దిల్‌సుఖ్‌నగర్ పోతదా అమ్మా?” అని నన్నడిగాడు. పోతుందని చెప్పాను. పోతుంది కూడా.

ఆ బట్టలు ఉతికి, ఆరేసి, మడతపెట్టి కుర్చీలో ఉంచి, అమ్మకి ప్లాస్టిక్ సంగతి చెప్పాను. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ కవర్లు నిషేధం. వాడితే భారీ జరిమానా, నాలుగేళ్ల దాకా జైలు కూడా పడొచ్చు. 2020 జూన్ నుంచి నేషనల్ పార్కుల్లాంటి చోట్లకి వాడి పారేసే నీళ్ల సీసాలు కూడా తీసుకెళ్లకూడదు. కాబట్టి నువ్వు కవర్లో కట్టిన కందిపొడి తీసుకుపోలేనమ్మా అన్నాను. కందిపొడి వద్దని చెప్పడమే నా ఉద్దేశం. అమ్మకి అర్థమైంది మాత్రం, కవరు వద్దంటున్నారు, అంతే కదా అని.

నేను బ్యాంకుకి వెళ్లి వచ్చేసరికి వంటింట్లో తళతళలాడే స్టీలు డబ్బా ఉంది. బిగుతు మూత, పైన క్లిప్పు. లోపల కందిపొడి.

“ఎక్కడిదమ్మా ఇది?”

“స్టీలు సామాన్లావిడ వచ్చిందే. ముందు గిన్నె ఇస్తానంది. నేను ఊరుకుంటానా! బేరమాడి డబ్బాయే తీసుకున్నా. కుర్చీలో ఆ వెలిసిపోయిన గుడ్డలు పడున్నాయిగా, అవి ఇచ్చేశా. అల్లుడుగారివేమో అనుకున్నా.”

వీధి చివరిదాకా పరుగెత్తాను. పక్క కాలనీ వాచ్‌మన్ ఆవిడని చూశానన్నాడు గానీ, అప్పటికే ఆటో ఎక్కేసిందట. కొన్న ధరకి లెక్క కడితే మా ఇంట్లో అంత ఖరీదైన పాత్ర ఇంకోటి లేదు. అమ్మకి బిల్లు చూపిస్తే, అంత డబ్బు పోసి పాతబట్టలు ఎవరు కొనమన్నారే అని నన్నే కేకలేసింది.

మా ఆయన మాటా పలుకూ లేకుండా అటక ఎక్కారు. ఇనప్పెట్టె దింపారు. అందులో ఉద్యోగం తొలిరోజుల్లో తొడుక్కున్న ఖాకీ చొక్కాలు. అప్పట్లో ఆయన రివటలా ఉండేవారు, కాబట్టి ఇప్పుడు నాకు అచ్చంగా సరిపోయాయి. జేబు మీద బ్యాడ్జీ గుచ్చిన కన్నాలు, కాలరు నుంచి కలరా ఉండల వాసన. ఆ వాసనకి సెట్సీ ఈగ టాంజానియా దాటి రాదని నాకు గట్టి నమ్మకం కలిగింది.

ఇప్పుడు బరువు. నైరోబీ విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి మారాకి పోయేది చిన్న విమానం, దిగేది మట్టి రన్‌వే మీద. మనిషికి పదిహేను కిలోలే, అదీ చేతిసంచితో కలిపి. గట్టి సూట్‌కేసు పనికిరాదు. విమానం పొట్టలో ఉండే ఇరుకు అరలోకి నొక్కి తోయడానికి వీలుగా మెత్తని సంచే ఉండాలి. మా ఇంట్లో ఉన్న బరువు మిషను మీద సంచి పెడితే అంకె కనిపించదు. మనిషి సంచి పట్టుకుని నిలబడి, తర్వాత మనిషి బరువు తీసేయాలి. నేను నిలబడతానన్నాను. అయితే ముందు నీ బరువెంతో చెప్పమన్నారు మా ఆయన. ఆ పద్ధతి అక్కడితో వదిలేశాం.

సరిగ్గా అప్పుడే కింద “పాత పేపర్లూ, పుస్తకాలూ” అని కేక వినిపించింది. మా ఆయన బాల్కనీలోంచి పిలిచారు. అతను కొక్కెం కాటాకి సంచి తగిలించి పైకెత్తి, “పదకొండు కిలోలు సార్” అన్నాడు. ఇంట్లో పండగే. నాలుగు కిలోల ఖాళీ! అమ్మ చెగోడీలు పెట్టింది. మా ఆయన, మారా ఎత్తైన ప్రదేశం, జూలైలో తెల్లవారుజామున వణికిస్తుందట అని స్వెట్టరు మీద స్వెట్టరు పెట్టారు. ఈ విషయంలో ఆయనన్నది నిజం, ఆఫ్రికా అంటే రోజంతా నడివేసవే అనుకుని వెళ్లినవాళ్లు టాపు లేని జీపులో పళ్లు కొరుకుతూ కూర్చుంటారు. పేపరతను మాత్రం గుమ్మం దగ్గర్నుంచి కదల్లేదు. “కిలో ఎంతకిస్తారమ్మా?” అన్నాడు సంచి వైపు చూస్తూ.

అతన్ని పంపించాక మా ఆయన కుర్చీలో కూర్చుని, ఉన్నట్టుండి లేచారు. “పోయిన నెల మనం వేసిన పేపర్లు వాడి కాటా మీద ఎన్నొచ్చాయి?”

ఆరు కిలోలు. మా అంచనా పది.

ముగ్గురం సంచి వైపు చూశాం. త్రైరాశికం చేస్తే పదకొండు కాస్తా పద్దెనిమిది దాటింది. ధర్మకాటాకి తీసుకెళ్దామన్నారు మా ఆయన. లారీలు తూచేచోట నా సంచి ఎంత చూపిస్తుందండీ అంటే, కనీసం మోసం ఉండదు అన్నారు. చివరికి మూలమీద బియ్యం కొట్లో బస్తాల కాటా మీద పెట్టాం. చెగోడీలు, స్వెట్టర్లు కలిపి ఇరవై కిలోల నాలుగు వందలు. కొట్టాయన “ఏం బియ్యమమ్మా?” అన్నాడు.

అక్కడే, బస్తాల మధ్య సంచి విప్పి కూర్చున్నాం. హెయిర్ డ్రయ్యర్, రెండో జత చెప్పులు, పక్షుల పుస్తకం తీశాను. చెగోడీలు కొట్టాయన పిల్లలకిచ్చాను. డబ్బా మీద చెయ్యి వేసేసరికి అమ్మ నా వైపు ఒక్క చూపు చూసింది. చెయ్యి తీసేశాను. మిగిలిన కిలోలకి దారి ఏజెంటే చెప్పాడు. ఒంటి మీద ఉన్నది తూచరు మేడమ్ అన్నాడు.

అందుకే విల్సన్‌లో దిగినప్పుడు నా ఒంటి మీద రెండు స్వెట్టర్లు, వాటి మీద ఆర్టీసీ చొక్కా, ఆ పైన బోలెడు జేబుల జాకెట్టు ఉన్నాయి. ఒక జేబులో బైనాక్యులర్స్, ఇంకో జేబులో చార్జరు, కెన్యా ప్లగ్గుకి మూడు పలకల పిన్ను, మలేరియా మాత్రలు. లోపలి జేబులో కందిపొడి డబ్బా. కౌంటరబ్బాయి సంచి తూచాడు, చేతిసంచి తూచాడు, పదిహేనుకి లోపే. నా వైపు కాసేపు చూశాడు. జూలై చలి కదా అన్నాను. అవునన్నాడు.

మట్టి రన్‌వే దగ్గర నా కోసం ల్యాండ్‌క్రూజర్ ఆగి ఉంది. డ్రైవరు నా చొక్కా మీది కన్నాలు చూసి, ఇండియాలో ఏ పార్కులో రేంజరని అడిగాడు. మా ఆయన యూనిఫాం అది, ఆయన బస్సు డ్రైవరు అన్నాను. అప్పట్నుంచి నేను అతనికి టూరిస్టుని కాను, తోటి డ్రైవరు ఇంటావిడని. క్యాంపుకి పోయే దారిలోనే, గడ్డిలో పడుకున్న సింహం దగ్గర బండి ఆపి ఇంజను కట్టేశాడు. చీటీ డబ్బులన్నీ ఎదురుగా ఆవలిస్తున్నాయి. ఫోన్‌కి సిగ్నల్ ఉంది. వీడియో కాల్ చేశాను.

అమ్మ ముందుకొచ్చి, డబ్బా మూత ఊడలేదు కదా అంది. తర్వాత మా ఆయన ఫోన్ అందుకున్నారు. సింహాన్ని చూపించాను. చూశారు. “సరే, డ్రైవరుకి ఇవ్వు” అన్నారు.

ఇద్దరూ ఇంగ్లీషులో మొదలుపెట్టారు. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు? ఈ గుంతల్లో టైర్లు ఎన్నాళ్లొస్తాయి? నదిలోంచి దాటిస్తే బ్రేకులు పడతాయా? అతను కూడా ఎవరూ అడగక అల్లాడుతున్నట్టున్నాడు, డీజిల్ ధర దగ్గర్నుంచి ఏకరువు పెట్టాడు. సింహం లేచి, ఒళ్లు విరుచుకుని, మా బండి నీడలోకే వచ్చి పడుకుంది. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. అప్పుడు మా ఆయన నన్ను పిలిచారు.

“కిందికి దిగి, వెనక చక్రం దగ్గర కమాన్ కట్టలు ఒకసారి చూపించు.”

“ఏవండీ, అక్కడ సింహం ఉంది.”

“హారన్ కొట్టమను.”