ధనియాల నీళ్లు తాగి థైరాయిడ్ మాత్ర మానేయొచ్చా?

రెండు నెలల కింద మా మలక్‌పేట బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరిగింది. "థైరాయిడ్ మాత్ర వ్యసనం, గ్రంథిని సోమరిని చేస్తుంది. టీఎస్‌హెచ్ ఎక్కువున్నవాళ్లకు మళ్లీ హార్మోన్ ఎందుకు? 21 రోజులు ధనియాల నీళ్లు తాగండి, అయోడిన్ ఉప్పు మాని సైంధవ లవణం వాడండి. పది రోజులు మాత్ర ఆపి చూడండి, ఏమీ కాదు." మా వదిన నమ్మి ఆపేసింది. ఏడో వారానికి మొహం ఉబ్బింది, రెండో అంతస్తు ఎక్కడానికి మధ్యలో కూర్చోవాల్సి వచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు టీఎస్‌హెచ్ సంగతి. బాగా చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే పొరబడుతున్నారు. అది థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ కాదు. మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి, మెడలోని థైరాయిడ్‌కు "ఇంకా చెయ్యి" అని పంపే కబురు. అపార్ట్‌మెంట్‌లో పై ట్యాంకు ఖాళీ అయితే అందరూ వాచ్‌మన్‌కి ఫోన్ చేస్తారు. మోటారు పాడైతే నీళ్లు ఎక్కవు, ఫోన్లు మాత్రం పెరుగుతూనే ఉంటాయి. ఆ ఫోన్ల లెక్కే టీఎస్‌హెచ్. సుమారు 4 లోపు ఉండాల్సింది 40 ఉందంటే ట్యాంకు పొంగుతోందని కాదు, అడుగంటిందని. మాత్రతో రక్తంలో థైరాక్సిన్, అంటే థైరాయిడ్ తయారుచేసే హార్మోన్, నిండితే టీఎస్‌హెచ్ దానంతటదే దిగుతుంది.

ఇక వ్యసనం అన్న మాట. మాత్రలో ఉండే లీవోథైరాక్సిన్, మన గ్రంథి తయారుచేసే థైరాక్సిన్ ఒకటే. 1914లో కెండాల్ అనే శాస్త్రవేత్త దాన్ని గ్రంథుల నుంచి వేరు చేశాడు, 1927లో హారింగ్టన్, బార్జర్ అనే శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో తయారుచేశారు. అయోడిన్ సరిపడా అందుతున్న చోట థైరాయిడ్ మందగించడానికి ముఖ్య కారణం హషిమోటో వ్యాధి, అంటే మన రోగనిరోధక వ్యవస్థే ఆ గ్రంథిని దెబ్బతీయడం. మాత్ర మొదలుపెట్టేసరికే ఆ దెబ్బ తగిలి ఉంటుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. అందరికీ జీవితాంతం మాత్ర అక్కర్లేదు. ప్రసవం తర్వాత కొందరికి వచ్చే థైరాయిడ్ వాపు కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. కాస్త పెరిగిన టీఎస్‌హెచ్ మళ్లీ పరీక్షిస్తే మామూలుగా ఉండొచ్చు. అలా తగ్గే రోజుల్లో ధనియాల నీళ్లు తాగినవాళ్లు తమకు అవే పనిచేశాయని నమ్ముతారు. ఈ మెసేజ్‌కి బలం అక్కడి నుంచే వస్తోందని నా అనుమానం. ధనియాల నీళ్లు తాగితే తప్పులేదు, కానీ వాటిలో థైరాక్సిన్ లేదు.

"పది రోజులు ఆపి చూడండి" అన్నదే నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది. రక్తంలో థైరాక్సిన్ సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. పది రోజుల్లో తేడా తెలియకపోవడం మామూలే. డోసు మార్చాక డాక్టర్లు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయించేదీ ఇందుకే. మా వదినకూ మొదటి రెండు వారాలు హాయిగానే ఉంది. ఆ హాయే ఆమెను మోసం చేసింది.

ఉప్పు గురించి. ఒక్కో థైరాక్సిన్ అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. విడిగా అయోడిన్ కలపని సైంధవ లవణంతో అది అందదు. దేశంలో గాయిటర్ (థైరాయిడ్ ఉబ్బి మెడ వాయడం) నియంత్రణ కార్యక్రమం 1962లో మొదలైంది ఈ లోటు వల్లే. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అయోడిన్‌తో పాటు ఇనుమూ కలిపిన ఉప్పును రూపొందించింది.

మా గ్రూపులో నాలుగో నెల గర్భిణి ఒకమ్మాయి ఉంది, ఆమెకూ థైరాయిడ్ మాత్ర నడుస్తోంది. మొదటి మూడు నెలల్లో కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి కావాల్సిన థైరాయిడ్ హార్మోన్ దాదాపుగా తల్లి నుంచే అందాలి. అందుకే గర్భం వచ్చాక చాలామందికి డోసు పెంచుతారు. వదిన సంగతి తెలిసిన రోజే ఆమెకు ఫోన్ చేశాను. మెసేజ్ చదివిందట, మాత్ర మాత్రం ఆపలేదు. మీ గ్రూపులోనూ అలాంటి అమ్మాయి ఉంటే ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి.