ఉప్పు కాగితం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఉప్పు కాగితం గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మాజ్డా కారు రోటరీ ఇంజన్లో పిస్టన్లకు బదులు తిరిగే ముక్కోణపు రోటర్లు రెండూ క్షేమం, వాటి మూలల్లో కూర్చుని గోడకి ఒరుసుకునే అపెక్స్ సీళ్లు ఆరూ క్షేమం. తమరు కూడా పానాల పెట్టె అడుగున, గ్రీజు డబ్బా పక్కన, నాలుగు మడతలు పడి క్షేమంగా ఉన్నారని తలుస్తాం. మా కారు స్పార్క్ ప్లగ్గుల జోలికి రాకుండా అక్కడే ఉండమని వేడుకోవడానికే ఈ ఉత్తరం.

తమరి ఘనత మాకు తెలియంది కాదు. 1985 నుంచి 1996 దాకా తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100 మన ఊళ్లలో ఏలిన రోజుల్లో బండి మొరాయిస్తే మొదట గుర్తొచ్చే వైద్యులు తమరే. ప్లగ్గు విప్పి, నల్లటి మసిని తమతో నాలుగు రుద్దులు రుద్ది, ఉఫ్ అని ఊది, ప్యాంటుకు తుడిచి బిగిస్తే ఒక్క కిక్కుకి బండి రయ్యిమనేది. పెట్రోలుతో పాటు కాలే టూటీ ఆయిల్ తాగి బతికే టూ స్ట్రోక్ బండి కాబట్టి ప్లగ్గుకి మసి పట్టడం దానికి నిత్యకృత్యం. ఆ ప్లగ్గు కొసన మామూలు లోహపు కమ్మీ ఉండేది. తమరు కాస్త గీకినా ఓర్చుకునేది. అలా దగ్గుకీ పంటి నొప్పికీ ఒకే సీసా అన్నట్టు, ప్లగ్గుల లోకానికి తమరు జిందా తిలిస్మాత్ అయిపోయారు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, పేరులో ఆర్‌ఎక్స్ అన్న రెండక్షరాలు చూసి చుట్టరికం కలుపుకుని మాజ్డా ఆర్‌ఎక్స్-8 దగ్గరకు కూడా తమరు తయారవుతున్నారు. చుట్టరికం బొత్తిగా లేదని మేమూ అనం. అదీ ఇంజన్ ఆయిల్‌ని కొంచెం కొంచెంగా తనలోకి చిమ్ముకుని కాల్చుకునే రకమే. టూ స్ట్రోక్ లాగే దీంట్లోనూ షాఫ్టు ఒక చుట్టు తిరిగితే ప్రతి రోటరుకీ ఒకసారి నిప్పు పడాలి. ఆరు గేర్ల మాన్యువల్ ఆర్‌ఎక్స్-8 టాకోమీటర్లో ఎర్ర గీత నిమిషానికి 9,000 చుట్ల దగ్గర ఉంటుంది. అంటే అక్కడ ఒక్కో ప్లగ్గు సెకనుకి 150 సార్లు వెలగాలి. అదే వేగంలో మామూలు ఫోర్ స్ట్రోక్ ప్లగ్గుకి 75 సార్లు వెలిగితే చాలు. పైగా పిస్టన్ ఇంజన్లో లోపలికి వచ్చే చల్లటి గాలి, పెట్రోలు ప్లగ్గుని కాస్త చల్లారుస్తాయి. రోటరీలో గాలి పీల్చే చోటు వేరు, మంట మండే చోటు వేరు. ప్లగ్గు కాపురం ఎప్పుడూ మంట పక్కనే. అందుకే సుమారు 48,000 కిలోమీటర్లకు నాలుగూ మార్చేయడం ఈ కారు వాళ్లలో వాడుక. పొదుపు పేరుతో ఆ గడువు పొడిగించే పనిని తమకు అప్పగించే వాళ్లు చాలామంది ఉన్నారు.

ఆ నాలుగూ ఒకటి కావని ముందు మనవి చేసుకుంటాం. ఒక్కో రోటరుకి రెండు. కిందది లీడింగ్, పైది ట్రెయిలింగ్. లోపలి గది సన్నగా, పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఒక్క చోట అంటిస్తే మంట ఆ చివరికి చేరేలోగా పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. 1991లో లె మాన్స్ రేసు గెలిచిన మాజ్డా 787బీ కారులో అయితే రోటరుకి మూడు ప్లగ్గులు. ఆర్‌ఎక్స్-8లో కింద ఎన్‌జీకే కంపెనీ ఆర్‌ఈ7సీ-ఎల్, పైన ఆర్‌ఈ9బీ-టీ వేస్తారు. ఎన్‌జీకే లెక్కలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లనిది. 7ని పైనా 9ని కిందా పెడితే ఒకటి మసి పడుతుంది, ఇంకొకటి వేడెక్కుతుంది. ట్రెయిలింగ్ ప్లగ్గు ముందు ఉండే రంధ్రం చీమ దూరేంత. అపెక్స్ సీలు దాని మీదుగా జారుతున్నప్పుడు ఒక గదిలో ఒత్తిడి పక్క గదిలోకి కారిపోకూడదని అలా చేశారు. ఆ సీలు గోడకి ఒరుసుకుంటూ పోతుంది కాబట్టి ప్లగ్గు మొన గోడ దాటి వెంట్రుకంత కూడా లోపలికి పొడుచుకు రాకూడదు. "థ్రెడ్ సరిపోయింది కదా" అని వేరే బండి ప్లగ్గు బిగిస్తే ఏమవుతుందో తమరే ఊహించండి.

ఇక ఆ మొన సంగతి. అది ఇరీడియం, సన్నటి బుడిపె. అరగకుండా ఉండడానికి ఆ లోహం, తక్కువ ఓల్టేజికే నిప్పు దూకడానికి ఆ సన్నదనం. దాన్ని తమతో రుద్దడం కొరివితో తల గోక్కోవడమే. మొన వంగుతుంది, లేదా విరుగుతుంది. తెల్లటి పింగాణీ మీద పడిన గీతల్లో లోహపు పొడి, మసి ఇరుక్కుని, నిప్పు మొన దగ్గర దూకకుండా ఆ గీతల వెంబడి జారిపోతుంది. తమరి ఒంటి మీంచి రాలే గరుకు రవ్వలు ప్లగ్గు సందుల్లో దాక్కుని, బిగించాక గదిలోకి దిగుతాయి. హిరోషిమాలో మాజ్డా ఇంజనీరు యమమోతో కెనిచి, ఆయనతో పనిచేసిన ఇంజనీర్లు, మొత్తం 47 మంది బృందం, 1967లో మాజ్డా మొదటి రోటరీ కారు కాస్మో స్పోర్ట్ బయటికి వచ్చేలోగా తలలు పట్టుకున్నది ఈ గోడ మీద పడే గీతల గురించే. సీలు అదిరి పడే ఆ గీతలకు దెయ్యం గోళ్లని పేరు. తమరి రవ్వలతో పడేదానికి కారణం వేరే కావచ్చు, గీత మాత్రం గీతే.

మరి తమరు లేకుండా పని ఎలా జరుగుతుందంటారా? చిత్తగించండి.

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. గోడ అల్యూమినియం, ప్లగ్గు ఉక్కు. వేడి మీద తిప్పితే ప్లగ్గుతో పాటు థ్రెడ్ కూడా చేతిలోకి వస్తుంది. రాత్రి ఆపి పొద్దున్న మొదలుపెట్టడం మేలు. బానెట్ ఎత్తి ప్లగ్గుల కోసం వెతకొద్దు, పైనుంచి కనిపించేవి ప్లగ్గులకు కరెంటు పంపే కాయిళ్లే. హ్యాండ్ బ్రేకు లాగి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ఎడమ ముందు భాగాన్ని జాకీతో లేపి, స్టాండు మీద కూర్చోబెట్టి చక్రం విప్పితే ఆ సందులోంచి నాలుగూ కనిపిస్తాయి. ఒట్టి జాకీ మీద నమ్మకంతో కింద తల పెట్టేవాళ్ల గురించి మాట్లాడం. కావలసినవి 21 సైజు ప్లగ్గు సాకెట్, పొడుగు ఎక్స్‌టెన్షన్, ఎటు వంచితే అటు వంగే మెడ ఒకటి. చక్రం బోల్టులకీ 21 సైజే, ఆ మేరకు మాజ్డా దయగలది.

ప్లగ్గు చుట్టూ పేరుకున్న దుమ్ముని ముందే గాలి కొట్టి ఊదేయాలి, లేకపోతే విప్పగానే అది లోపలికే పోతుంది. వైర్లు ఒకేసారి నాలుగూ పీకడం మహాపాపం. ఎల్1, టీ1, ఎల్2, టీ2 అని గుర్తులు ఉన్నాయో లేదో చూసి, లేకపోతే టేపు ముక్క మీద రాసి అంటించి, ఒక్కో వైరే తీయాలి. 1 అంటే ముందు రోటరు. రెండు రోటర్లూ ఒకదానికొకటి సగం చుట్టు ఎడంలో ఉంటాయి కాబట్టి వైర్లు తారుమారైతే నిప్పు పడవలసినప్పుడు కాక సగం చుట్టు తేడాతో పడుతుంది. వైరు పట్టుకుని లాగితే లోపల తెగుతుంది. మూతిని పట్టుకుని పావు చుట్టు అటూ ఇటూ తిప్పి, అంటు వదిలాక లాగాలి.

ప్లగ్గు బిగుసుకుపోతే రాచెట్‌కి పైపు తొడగాలన్న బుద్ధి పుడుతుంది. ఆ పైపు కూడా తమరి బంధువే, పక్కన పెట్టమనండి. తుప్పు వదిలించే నూనె చల్లి గంట ఆగి, కొంచెం విప్పి కొంచెం బిగించి, మళ్లీ విప్పుతూ పోతే వస్తుంది. నూనె పొదుపుగా చల్లాలి.

బయటికి తీసినవాటిని గుడ్డ మీద ఎల్, టీ వరసలోనే పడుకోబెట్టాలి. తమరికి ఈ సంగతి చెప్తే కోపం వస్తుంది కానీ, ప్లగ్గు మొహం మీద ఉన్న మసి మురికి కాదు, అది ఇంజన్ రాసిన చీటీ. తమరు రుద్దడమంటే చీటీ చదవకుండా చింపేయడమే. లేత గోధుమ రంగో బూడిద రంగో ఉంటే ఇంజన్ నిక్షేపంగా ఉన్నట్టు. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది, లేదా కాయిల్ నీరసించింది, లేదా కారుని రోజూ పక్క వీధి దాకా తిప్పి ఆపేస్తున్నారు. తెల్లగా కాలి, పొక్కిపోతే వేడి ఎక్కువ. ఒకే రోటరు తాలూకు రెండు ప్లగ్గులూ తడిసి, తియ్యటి వాసన వేస్తే అది కూలెంట్. కూలెంట్‌ని ఆపే సీలు పోయి రేడియేటర్ నీళ్లు లోపలికి దిగుతున్నాయన్న మాట. అప్పుడు ప్లగ్గులు మార్చడం కాలు విరిగినవాడికి చెప్పులు కొనిపెట్టడమే.

కాయిళ్ల సంగతి ఎత్తాం కాబట్టి: ఈ కారు కాయిళ్లకు గట్టివన్న పేరు లేదు. కొత్త ప్లగ్గులు వేశాక కూడా మిస్సింగ్ ఉంటే కాయిల్‌నే అనుమానించాలి. చెక్ ఇంజన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే ఆపేయడమే మంచిది. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లో కాలి, దాన్ని కరిగించి మూసేస్తుంది. ఆ బిల్లు ముందు నాలుగు ప్లగ్గులూ నాలుగు కాయిళ్లూ పప్పు బెల్లాలే.

అయితే కడగడం అసలే వద్దా? ఒక్క సందర్భం ఉంది, అది పెట్రోల్ ఓవర్‌ఫ్లో. చల్లటి ఇంజన్ని స్టార్ట్ చేసి, షెడ్డులోంచి వాకిట్లోకి జరిపి వెంటనే ఆపేస్తే, మర్నాడు సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. పెట్రోలు గోడల మీది ఆయిల్ పొరని కడిగేసి, కంప్రెషన్ పడగొట్టి, ప్లగ్గుల్ని తడిపేస్తుంది. అప్పుడు మొదట యాక్సిలరేటర్ని నేలకు తొక్కి పట్టి పది సెకన్లు సెల్ఫ్ కొట్టి చూడాలి, అలా తొక్కితే పెట్రోలు ఆగిపోతుంది. మధ్యలో సెల్ఫ్ మోటారుకి ఊపిరి తీసుకునే టైము ఇవ్వాలి. కుదరకపోతే ప్లగ్గులు విప్పి, పెట్రోల్ పంపు ఫ్యూజు పీకి, కాయిళ్ల కనెక్టర్లు ఊడదీసి, అప్పుడు సెల్ఫ్ కొడితే రంధ్రాల్లోంచి పెట్రోలు చిమ్ముతుంది. కాయిళ్లు ఊడదీయకుండా ఈ పని చేస్తే వేలాడే వైరు కొసన నిప్పు, ఎదురుగా పెట్రోలు జల్లు. దీపావళి ఏడాదికి ఒకసారి చాలు.

తడిసిన ప్లగ్గుల మీద బ్రేక్ క్లీనర్ చల్లి, ముట్టుకోకుండా ఆరబెట్టి, గాలి కొట్టాలి. అంతే. బ్రష్షు లేదు, పిన్నీసు లేదు, తమరు లేరు. అవి అప్పటికే 40,000 దాటి ఉంటే ఆ కడుగుడు కూడా దండగ, కొత్తవి వేయడమే. ఎన్‌జీకే పెట్టెల్లో నకిలీలు కూడా దొరుకుతాయి కాబట్టి ధర చూసి మురిసిపోకూడదు. గదుల్లోకి చెంచాడు చొప్పున ఇంజన్ ఆయిల్ పోస్తే సీళ్లకి మళ్లీ పట్టు దొరుకుతుంది. స్టార్ట్ అయ్యాక వీధంతా పొగమయం అవుతుంది, దోమల మందు బండి అనుకుని పిల్లలు పరిగెత్తుకు రావచ్చు.

ప్లగ్గులు బయట ఉండగానే ఇంకో పని చేసుకోవచ్చు. సెల్ఫ్ కొడుతూ లీడింగ్ రంధ్రం దగ్గర చెవి పెడితే ఫుస్ ఫుస్ ఫుస్ అని, రోటరు ముఖానికొకటి చొప్పున, మూడు ఊపిర్లు ఒకే తీరున వినిపించాలి. ఫుస్ ఫుస్ అని మూడోది మింగేస్తే ఒక సీలు సెలవు పెట్టినట్టు. మామూలు కంప్రెషన్ గేజి మూడింట్లో పెద్ద అంకె ఒక్కటే చూపించి మభ్యపెడుతుంది. రోటరీకని చేసిన గేజీలో 250 ఆర్‌పీఎం దగ్గర 830 కిలోపాస్కల్స్ ఉంటే పటిష్ఠం, 680 కన్నా తగ్గితే ఇంజన్ విప్పాల్సిందే.

కొత్త ప్లగ్గుని రాచెట్‌తో మొదలుపెట్టకూడదు. తల మీద సరిపడే రబ్బరు గొట్టం ముక్క, జానెడు, తొడిగి వేళ్లతో తిప్పాలి. థ్రెడ్ వంకరగా పడితే గొట్టం జారిపోతుంది, అల్యూమినియం బతికిపోతుంది. చేత్తో ఆఖరిదాకా వెళ్లాకే బిగువు కొలిచే టార్క్ రెంచి, 13 నుంచి 18 న్యూటన్ మీటర్లు. చక్రం బోల్టులు కోరే దాంట్లో ఇది నాలుగో వంతు కూడా ఉండదు. థ్రెడ్‌కి గ్రీజు పూయొద్దని ఎన్‌జీకే వారి మాట. పూస్తే రెంచి చెప్పే అంకె అదే ఉంటుంది, బిగువు మాత్రం హద్దు దాటుతుంది. వైరు మూతి లోపల, కరెంటు కారనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు మినపగింజంత రాసి, టక్కుమనేదాకా నొక్కాలి. ఆ చప్పుడు రాకపోతే కూర్చోలేదన్న మాటే.

చిత్తగించవలెను.

ఇట్లు,
ఎడమ చక్రం విప్పి కూర్చున్నవారు

తా.క.: తమరిని పూర్తిగా ఉద్యోగంలోంచి తీసేశామని బెంగపడొద్దు. సెల్ఫ్ మందంగా తిరిగినా ఈ ఇంజన్ ఓవర్‌ఫ్లో అవుతుంది. మందంగా తిరగడానికి ఒక కారణం బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా పూసే తుప్పు. అక్కడ ఇరీడియం లేదు, పింగాణీ లేదు. వైరు విప్పి పెట్టాం, మైనస్ ముందు. తమరు వచ్చి కరువుతీరా రుద్దుకోవచ్చు.