బొమ్మల్లేని ఆటకు నా ఓటు

ఈ వేసవి శిబిరంలో పిల్లలకు వీడియో గేముల పోటీ పెట్టాలా వద్దా అని మన తెలుగు సంఘం యువజన విభాగంలో వాదన నడుస్తోంది. పెద్దవాళ్లు ససేమిరా అంటున్నారు, పిల్లలు పట్టు వదలడం లేదు, మధ్యలో నిర్వాహకులు నలిగిపోతున్నారు. నా ఓటు ఈ రెండింటికీ కాదు. తెర మీద ఒక్క బొమ్మ కూడా లేకుండా అచ్చంగా అక్షరాలతో నడిచే ఆటలున్నాయి. పెడితే అలాంటిది పెట్టండి.

వాటిని మడ్‌లంటారు, అంటే ఒకేసారి చాలామంది కలిసి ఆడే 'మల్టీ యూజర్ డంజన్'లు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి మొదలుపెట్టాడు, తోటి విద్యార్థి రిచర్డ్ బార్టిల్ అందిపుచ్చుకున్నాడు. గదుల వర్ణన చదువుకుంటూ, ఉత్తరానికి పో, కత్తి తీసుకో అని టైప్ చేస్తూ తిరగాలి. అదే గదిలో అదే క్షణాన ఇంకెవరో దూరదేశపు మనిషి కూడా తిరుగుతుంటాడు. 1987లో వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో ఇలాంటిదే అబెర్‌మడ్ రాసిన అలన్ కాక్స్, తర్వాత లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్ మీద చేసిన పనితో లోకానికి తెలిసినవాడు. 1990-91లో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయం విద్యార్థులు అయిదుగురు కలిసి డికూమడ్ చేశారు. తొంభైల్లో వీధికొకటి చొప్పున పుట్టిన మడ్‌లలో చాలావాటికి అదే మూలం.

డికూ వాళ్లు కోడు ఉచితంగా ఇచ్చేశారు, కానీ దాంతో డబ్బు చేసుకోకూడదని లైసెన్సులో షరతు పెట్టారు. లాభం లేనిచోట ప్రకటన ఎవరిస్తారు? అందుకే ఈ ఆటలు దాదాపు ఎప్పుడూ ఇంకో మనిషి ద్వారానే దొరికేవి. నాకూ అంతే. ఎం.ఎస్. చదువుకని ఈ దేశం వచ్చిన కొత్తలో, రాత్రి భోజనాలయ్యాక అందరం కంప్యూటర్ ల్యాబుకే చేరేవాళ్లం. అక్కడ వెచ్చగా ఉండేది, ఫోను ఖర్చూ ఉండేది కాదు. పక్క టెర్మినల్ దగ్గర గుంటూరు కుర్రాడొకడు కూర్చునేవాడు. వాడి తెర మీద అక్షరాలు పరుగులు పెడుతున్నాయి.

"ఏంట్రా అది, అసైన్‌మెంటా?"

"కాదన్నా, ఆటలో గాబ్లిన్లని, అదే మరుగుజ్జు రాక్షసుల్ని, చంపుతున్నా. కూర్చో, నీకూ ఒక పేరు పెడతా."

ప్రింటరు కాగితం వెనక ఒక చిరునామా, దాని పక్కన 4000 అని పోర్టు నంబరు రాసిచ్చాడు. నా ప్రవేశపత్రం అదే.

మొదట్లో ఒకటే చావడం. "మీరు చచ్చిపోయారు, సారీ" అని ఇంగ్లిషులో ఒక ముక్క పడేస్తుంది, అంతే. మళ్లీ లోపలికి వెళితే గుడిలో తేలతాం, ఒంటి మీద ఏమీ ఉండదు. కత్తీ కవచమూ కూడబెట్టిన నాణేలూ అన్నీ ఎక్కడ చచ్చామో అక్కడే, మన శవం దగ్గర పడి ఉంటాయి. కాసేపయితే ఆ శవమూ కరిగిపోతుంది. దాన్ని తెచ్చుకోవాలంటే మనల్ని చంపిన జంతువు ముందుకే ఉత్త చేతులతో పోవాలి. కాబట్టి అడగాలి. సిగ్గు విడిచి, "ఎవరైనా సాయం వస్తారా" అని అందరికీ వినపడేట్టు అడగాలి. ఎవరో ఒకరు వచ్చేవారు. ముక్కూ మొహం తెలియని స్వీడన్ మనిషో, టెక్సస్ అమ్మాయో, "నన్ను ఫాలో అవ్వు" అని ఒక్క మాటనేసి ముందు నడిచేవారు. ఇప్పటి ఆటల్లో చస్తే పది సెకన్లలో లేచి మళ్లీ పరిగెత్తొచ్చు. ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. సౌకర్యమే, కాదనను. కానీ పరిచయాలు పుట్టే చోటు అదే, దాన్నే తీసేశారు.

పరిచయాలు పుట్టే రెండో చోటు, విశ్రాంతి. డికూ కుటుంబపు ఆటల్లో ఆటలోని గంట మన గడియారంలో 75 సెకన్లు. ఆ గంట తిరిగినప్పుడల్లా ప్రాణబలం కొంచెం కొంచెం పుంజుకుంటుంది. గట్టి పోరాటం తర్వాత గుంపంతా ఏ గుహలోనో కూర్చుని గంటల మీద గంటలు తిరిగేదాకా కాచుక్కూర్చోవాలి. చేసేదేముంది, కబుర్లే. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఎదుటి బెర్తువాళ్లు రాజమండ్రి దాటేసరికి వాళ్ల ఇంటి సంగతులన్నీ చెప్పేసినట్టు, రెండు మూడు గాబ్లిన్ గుహలయ్యేసరికి ఎవరి పరీక్షలెప్పుడో, ఎవరికి ఇంట్లో పెళ్లిపోరు పడుతోందో అందరికీ తెలిసిపోయేది.

బార్టిల్ 1996లో ఒక వ్యాసం రాశాడు. మడ్‌లకు వచ్చేవాళ్లు నాలుగు రకాలట: ఆటలో పై మెట్లెక్కాలని చూసేవాళ్లు, మూలమూలలూ వెతికేవాళ్లు, కబుర్లకొచ్చేవాళ్లు, తోటివాళ్ల మీద పడి చంపేవాళ్లు. (మన కార్యవర్గ సమావేశాల్లోనూ ఈ నాలుగు రకాలూ కనిపిస్తాయి, పేర్లు చెప్పను.) ఆ నాలుగో రకం ఉన్నమాట నిజమే కాబట్టి తల్లిదండ్రుల భయాన్ని నేను కొట్టిపారేయను. లాంబ్డామూ అనే ఇలాంటి అక్షరాల లోకంలో 1993లో ఒక ఆటగాడు చిన్న ప్రోగ్రాము అడ్డుపెట్టుకుని, ఇతరుల పాత్రలు అసభ్యమైన పనులు చేస్తున్నట్టు అందరి ఎదుటా రాయించాడు. ఉత్త అక్షరాలే, అయినా అవతల కుర్చీలో కూర్చున్న మనిషికి నిజంగానే దెబ్బ తగిలింది. అక్కడివాళ్లు సమావేశమై గంటలతరబడి వాదించుకున్నారు, చివరికి నిర్వాహకుల్లో ఒకడు వాడి పాత్రను తొలగించాడు, ఆ తర్వాత అర్జీలూ ఓటింగూ పెట్టుకున్నారు. పెద్దవాళ్లు ఎవరూ కనిపెట్టుకుని లేని చోట పిల్లల్ని వదలొద్దన్నంతవరకూ నాకూ అభ్యంతరం లేదు. ఆట మన చేతిలోనే ఉంటే ఆ కాపలా మనమే కాయొచ్చు.

ఇంకో సంగతి మనవాళ్లకు తట్టడం లేదు. చూపులేని ఆటగాళ్లకు ఇవి సరిగ్గా సరిపోతాయి. తెర మీద ఉన్నదంతా అక్షరాలే కాబట్టి స్క్రీన్ రీడరు చదివి వినిపిస్తుంది. ఆల్టర్ ఇయాన్ లాంటి మడ్‌లకు అంధ ఆటగాళ్లు చాలామంది వస్తారు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడరు ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. చూపున్న పిల్లాడూ లేని పిల్లాడూ ఏ మినహాయింపులూ లేకుండా ఒకే బరిలో దిగే పోటీ మన శిబిరంలో ఇంకేముంది, చెప్పండి?

ఏ ఆట అంటారా? మనమే చేసుకుందాం. మడ్‌లు కట్టుకోవడానికి ఎవెనియా అని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఉచిత సరంజామా ఉంది, బ్రౌజరులోనే ఆడొచ్చు, తెలుగు లిపికీ ఇబ్బంది లేదు. మన పిల్లలు శనాదివారాల్లో పైథాన్ ఎలాగూ నేర్చుకుంటున్నారు. కథాస్థలం గోల్కొండ అయితే బాగుంటుందని నా ఆలోచన. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన కోట కొన మీది బాలాహిసార్‌లో వినిపిస్తుంది కదా, ఆటలో ఒకడు కింద చప్పట్లు కొడితే పైనున్న జతగాడి తెర మీద మాత్రమే ఆ వాక్యం పడాలి. ఎన్ని చప్పట్లకు ఏమర్థమో వాళ్లిద్దరూ ముందే మాట్లాడుకోవాలి. బొమ్మలు గీయక్కర్లేదు, నాలుగైదు వారాంతాల పని.

వర్ణనలన్నీ తెలుగు లిపిలోనే ఉండాలి. మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట వస్తుంది గాని చదవడం రాదు. వేసవికి వచ్చిన అమ్మమ్మలకూ తాతయ్యలకూ చదవడం వస్తుంది, టైపింగే చేతకాదు. పాపం మధ్యాహ్నాలు కిటికీలోంచి పార్కింగు చూస్తూ గడిపేస్తారు. జట్టుకు చిన్నవాళ్లు ఒకరు, పెద్దవాళ్లు ఒకరు అని నిబంధన పెట్టండి. పిల్లలు ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టినా ఆట అర్థం చేసుకునేట్టు ఆజ్ఞలకు మారుపేర్లు పెట్టుకోవచ్చు, దానికి వీలుంది.

నిబంధనల ముసాయిదా నేను రాసిస్తాను. హాలులో వైఫై సంగతి మాత్రం కార్యవర్గం ముందే చూసుకోవాలి.